పాపా, నీ కుందేలుకి రోజూ ఇచ్చే నొప్పి మందు గురించి

పాపా,

నిన్న ఫోన్లో నువ్వు అడిగింది రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. దూదికి వెనక కాళ్ల కీళ్లు అరిగిపోయాయంట, ఇక బతికినన్నాళ్లూ మందు పోయాలంట, ఆ మందే దాన్ని చంపేస్తుందేమో పెద్దమ్మా అన్నావు. చంపదులే. నాకు తెలిసి మందు కంటే కొలతలో మనం చేసే తప్పులే ఎక్కువ చెరుపు చేస్తాయి. ఆ తప్పు నేనే చేశాను కాబట్టి ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

మా కుందేలు నల్లోడు గుర్తున్నాడా? వాడికి ఎనిమిదో ఏట వెన్ను పట్టేస్తే మెలాక్సికామ్ మొదలుపెట్టారు, నీకు రాసింది కూడా అదే. మొదటి సీసా మీద ఒక ఎం.ఎల్.కి 0.5 మిల్లీగ్రాములని ఉండేది, రోజూ 4 ఎం.ఎల్. పోసేదాన్ని. అది అయిపోయాక షాపులో ఇంకో సీసా ఇచ్చారు. అదే మందు, డబ్బా రంగు కూడా ఇంచుమించు అదే. కళ్లజోడు పెట్టుకోకుండా అదే 4 ఎం.ఎల్. పోశాను. దాని మీద చిన్నక్షరాల్లో ఎం.ఎల్.కి 1.5 అని ఉంది. అంటే 2 మిల్లీగ్రాములు పోవాల్సిన ప్రాణికి 6 పోయింది, అదీ మూడు రోజులు! నాలుగో రోజు వాడు గరిక వైపు కూడా చూడలేదు. సెలైన్లు పెట్టించి బతికించుకున్నాం గానీ ఆ వారం నేను అన్నం సరిగ్గా తినలేదు.

అందుకే డాక్టరుని ఎన్ని ఎం.ఎల్. అని కాదు, ఎన్ని మిల్లీగ్రాములు అని అడుగు. ఆ అంకె చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించు. కొత్త సీసా తెచ్చిన ప్రతిసారీ లేబుల్ చూసి లెక్క కట్టి, ఆ సీసా ఫోటో డాక్టరుకి పంపాకే మూత తీయి. ఇంకోటి, ఈ మందు కుందేలు ఒంట్లో నుంచి తొందరగా పోతుంది కాబట్టి కుక్కకి రాసే దాని కంటే కిలోకి ఎక్కువే రాస్తారు. కుక్కల్ని పెంచేవాళ్లెవరో అంత డోసా అన్నారని నువ్వు సగం చేస్తే దానికి నొప్పి అలాగే ఉంటుంది, పాపం చెప్పుకోలేదు కూడా.

అసలు చిక్కంతా అక్కడే. నొప్పి బయటికి కనిపిస్తే వేటగాడి నోట్లో పడే జాతి అది, దాచేస్తుంది. మూలకి పోయి వీపు గూనుగా పెట్టి, కళ్లు సగం మూసి, చెంపలు లోపలికి పోయినట్టు కనిపిస్తే నొప్పి అనుకో. పళ్లు గట్టిగా కొరికే చప్పుడు కూడా అంతే (నిమిరితే సుఖంగా చేసే చిన్న చప్పుడు వేరు, నీకు తేడా తెలుసు). ఇంకా నమ్మకమైన గుర్తు పెంటికలు. రోజూ పొద్దున ఊడ్చేటప్పుడు చూడు. చిన్నవైనా, తగ్గినా ఏదో తేడా ఉన్నట్టే. కుందేలు తిరిగి తినేసే మెత్తటి గుత్తి పెంటికలు వెనకాల అంటుకుని ఉంటే, వంగి తినలేకపోతోందని అర్థం, అంటే నొప్పి సరిగ్గా తగ్గలేదు. ఎండాకాలం ఆ తడి మీద ఈగలు వాలి పురుగులు పెడతాయి, శుభ్రం చేయడం మానొద్దు.

పూటంతా మేత ముట్టకపోతే మందు ఇవ్వాలా వద్దా అని నువ్వే తేల్చుకోకు, వెంటనే ఫోన్ చేయి. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఈ మందు పడితే కిడ్నీల మీద దెబ్బ, పైగా పది పన్నెండు గంటలు పొట్ట కదలకపోతే కుందేలుకి ప్రాణం మీదికే వస్తుంది. నీళ్లు సీసాలో కాకుండా బరువైన మట్టి మూకుడులో పెట్టు, ఎక్కువ తాగుతుంది. మన ఎండలకి అది మందుతో సమానం.

రక్తపరీక్ష ఖర్చని వాయిదా వేయొద్దు. మందు మొదలయ్యే ముందు ఒకసారి, కొన్ని వారాలకి ఒకసారి, తర్వాత మూడు నుంచి ఆరు నెలలకోసారి కిడ్నీలు, లివరు చూపించు. తూకం వారానికోసారి వంటింటి త్రాసు మీద తీసి రాసుకో, బరువు మారితే డోసు మారుతుంది. మధ్యలో ఇంకో డాక్టరుకి చూపిస్తే ఈ మందు నడుస్తోందని ముందే చెప్పు, దీంతో పాటు స్టెరాయిడ్ పడితే పొట్టలో పుండ్లు పడతాయి. అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు నోటి ద్వారా అసలు పడకూడదు, కడుపులో మంచి క్రిములు చచ్చి కుందేలే పోతుంది. మీ నాన్న మోకాళ్ల మాత్రలు డైక్లోఫెనాక్ కదా, వాటి జోలికి పోకు. పశువులకి ఆ మందు 2006లోనే మన దేశంలో ఆపేశారు, దాని దెబ్బకి రాబందులు లేకుండా పోయాయని. దాని బదులు వాడమన్నది ఈ మెలాక్సికామే, చూడు విచిత్రం!

ఇది ఒక్కటే చాలకపోతే డాక్టరు గాబాపెంటిన్ అనే ఇంకో నొప్పి మందు కలపొచ్చు. కలిపితే ఉన్నట్టుండి ఆపొద్దు, మెల్లగా తగ్గించాలి. దూది గెంతుతోంది కదా అని ఏ మందూ నీ అంతట నువ్వు మానొద్దు, అది గెంతుతోంది మందు వల్లే.

మందు పోసేటప్పుడు సూది తీసేసిన సిరంజి ముందు పళ్ల వెనక ఉండే ఖాళీలో పక్క నుంచి పెట్టి, కొంచెం కొంచెంగా, మింగనిస్తూ. తల పైకెత్తి పట్టుకుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మీ ఇంట్లో నున్నటి టైల్స్ కదా, కాళ్లు జారితే ఆ కీళ్లకి నరకం, పాత జంపఖానాలు పరిచెయ్. పెంటికల ట్రేకి ఒక పక్క అంచు కోసెయ్, ఎక్కలేదు.

వచ్చే వారం తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తెస్తానన్నావు కదా, చిత్తూరులో తెల్లారుజాము బస్సే ఎక్కు, ఎండ ముదిరాక వద్దు. బుట్టలో గడ్డి వేసి, గడ్డ కట్టించిన నీళ్ల సీసా తువ్వాలులో చుట్టి పక్కన పెట్టు. ఆసుపత్రి కదా అని పస్తు పెట్టొద్దు, కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి ఆ అవసరం లేదు. మందు సీసా, తూకాల పుస్తకం రెండూ తీసుకురా. నేను బస్టాండుకి వస్తా.

మీ పెద్దమ్మ