ఆఫీసులో తలనొప్పి.. ఇంటికొస్తే మాయం! ఎందుకిలా?

ప్రశ్న: నా వయసు 34. మూడు నెలల క్రితం మా ఆఫీసు కొత్త భవనంలోకి మారింది. ఫర్నిచర్ అంతా కొత్తదే, కిటికీలు తెరవడానికి వీల్లేదు. అప్పట్నుంచీ మధ్యాహ్నానికల్లా తల పట్టేస్తోంది, కళ్లు మండుతున్నాయి. మీటింగుల్లో నిద్ర ముంచుకొస్తోంది, పనిలో తప్పులు దొర్లుతున్నాయి. సెలవు రోజుల్లో ఏ ఇబ్బందీ ఉండదు. రక్తపరీక్షలు, బీపీ, చూపు అన్నీ నార్మల్. టెన్షన్ వల్లే అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: టెన్షన్ అని సరిపెట్టుకోకండి. పని ఒత్తిడి కూడా సెలవుల్లో తగ్గుతుంది, నిజమే. కానీ పని అదే, మారింది భవనం. పైగా ఒత్తిడి ఒక్కదానికే సాధారణంగా కళ్లు మండవు. భవనంలో ఉన్నంతసేపూ వేధించి, బయటికొస్తే తగ్గిపోయే ఇలాంటి బాధలను ‘సిక్ బిల్డింగ్ సిండ్రోమ్’ అంటారు. ఇందులో పరీక్షలన్నీ నార్మల్‌గా రావడం మామూలే. వీలైతే రెండు మూడు రోజులు ఇదే పని ఇంటి నుంచి చేసి చూడండి. అప్పుడు తల తేలిగ్గా ఉంటే కారణం భవనమేనని చాలావరకు తేలినట్టే.

చల్లగాలి, తాజాగాలి ఒకటి కాదు. చాలా ఏసీలు గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తాయి. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 4 శాతం ఉంటుంది. బయటి గాలిలో అది పది లక్షల భాగాలకు సుమారు 420 భాగాలే. తలుపులు మూసి పదిమంది కూర్చున్న చిన్న గదిలో గంట తిరగకముందే అది వెయ్యి భాగాలు దాటొచ్చు. ఆ మోతాదు విషమేమీ కాదు గానీ, ఒకరు వదిలిన గాలినే మరొకరు పీలుస్తున్నారని చెప్పే గుర్తు. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో హార్వర్డ్ పరిశోధకులు 24 మంది ఉద్యోగులను పరీక్షిస్తే, తాజాగాలి ఎక్కువగా అందిన రోజుల్లో వాళ్ల ఆలోచన, నిర్ణయశక్తి స్పష్టంగా మెరుగుపడ్డాయి. కాబట్టి మీ తప్పులకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

కళ్ల మంటకు కారణం వేరే కావచ్చు. కొత్త ప్లైవుడ్, జిగురు, రంగుల నుంచి ఫార్మాల్డిహైడ్ లాంటి వాయువులు నెలల తరబడి వెలువడుతుంటాయి. ఏసీ వల్ల గాలి పొడిబారడం, స్క్రీన్ ముందు రెప్ప వేయడం తగ్గడం దీనికి తోడవుతాయి. కొత్త ఫర్నిచర్ వాసన పోవాలని రూమ్ ఫ్రెషనర్ కొట్టకండి, అది మరిన్ని రసాయనాలను కలుపుతుంది. ఎయిర్ ప్యూరిఫైయర్ దుమ్మును పడుతుంది కానీ కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించలేదు. కుండీల్లో మొక్కలు అందమే, ఆ పనికి మాత్రం చాలవు.

ఏ రోజు, ఏ గదిలో, ఎన్ని గంటలకు బాధ మొదలైందో రెండు వారాలు రాసిపెట్టండి. పక్కవాళ్లనూ అడగండి. నలుగురికీ అలాగే ఉంటే ఆ కాగితంతో భవన నిర్వహణ చూసేవాళ్లను కలిసి, బయటి గాలి లోపలికొచ్చే మార్గం తెరిచి ఉందా, ఫిల్టర్లు ఎప్పుడు మార్చారు అని అడగండి. కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఒకటి మీటింగ్ గదిలో పెట్టమనండి. ఈలోగా గంటకోసారి బయటికెళ్లి కాసేపు తిరిగి రండి.

పిల్లికూతలు, ఆయాసం, జ్వరంతో దగ్గు ఉంటే మాత్రం ఆగకుండా ఊపిరితిత్తుల డాక్టర్ను కలవండి. గదిలో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతులు, తల తిరగడం మొదలైతే అది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వల్ల కావచ్చు. దానికి వాసన ఉండదు. వెంటనే అందరూ బయటికి వచ్చేసి, అత్యవసర వైద్యసాయం కోసం ఫోన్ చేయండి.