మంచం పక్కన లెక్కల పుస్తకం

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది తెనాలి. మా వారికి 74, నాకు 69. ఆయన రైసు మిల్లులో గుమాస్తాగా చేశారు, పింఛను లేదు. సంక్రాంతి వెళ్లిన వారానికి ఆయనకు కుడి పక్క పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. చెప్పింది అర్థమవుతుంది, మనుషుల్ని గుర్తుపడతారు, అంతే. గుంటూరులో 11 రోజులు ఆసుపత్రిలో ఉంటే 2,60,000 అయింది. ఇప్పుడు ఇంట్లో మంచం మీదే. రాత్రీ పగలూ ఉండే మనిషికి 20,000, మందులకు 4,500, డైపర్లకు 3,600, వారానికి మూడుసార్లు వచ్చే ఫిజియోథెరపీ అబ్బాయికి 6,000. మా దగ్గర 16 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. అది ఆయన ఒక్కరి పేరు మీదే, నేను నామినీని. ఇల్లు మా నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన స్థలంలో కట్టింది, నా పేరు మీదే. పై వాటా అద్దె 8,000 మా తిండికి సరిపోతుంది. హైదరాబాదులో ఉన్న అబ్బాయి ఇల్లు తన పేర రాస్తే లోను తెచ్చి అన్నీ చూసుకుంటానంటున్నాడు. బెంగళూరులో ఉన్న అమ్మాయి ఇల్లు అమ్మేసి తన దగ్గరికి రమ్మంటోంది. ఏం చేయాలో తోచడం లేదు.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అక్కయ్యగారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డైపర్ల లెక్కతో సహా రాశారు చూడండి, అక్కడ ఆగిపోయాను. మా అత్తగారు 55 నెలలు మంచం మీద ఉన్నారు. ఆసుపత్రిలో గడిపింది 9 రోజులే, ఆ బిల్లు బీమా కట్టేసింది. ఇంటికి తెచ్చిన రోజు గండం గడిచిందనుకున్నాం. ఆ తర్వాత నెలకు 26,000 చొప్పున 14 లక్షల పైచిలుకు ఖర్చయింది. అందులో ఒక్క రూపాయి కూడా బీమా ఇవ్వలేదు. 31 ఏళ్లు బీమా కంపెనీలో క్లెయిములు చూసిన నాకే అప్పటిదాకా ఆ సంగతి ఒంటికి తగల్లేదు. పాలసీ మంచం దిగేదాకా చూడదు, ఆసుపత్రి గేటు దాటించేదాకా, మహా అయితే ఆ తర్వాత కొన్నాళ్ల మందులదాకానే చూస్తుంది.

అందుకని ముందు నెలల లెక్క చూద్దాం. మీకు నెలకు 34,100 అవుతోంది. 16 లక్షల మీద ఏడు శాతం వడ్డీ అనుకుంటే నెలకు 9,300 వస్తుంది. మిగతాది అసలులోంచి తీస్తూ పోతే డబ్బు నాలుగున్నరేళ్లకు అయిపోతుంది. ఈ అంకె చూసి భయపడకండి. ఇందులో కదిలించగలిగినవి ఉన్నాయి.

జనఔషధి కేంద్రానికి చీటీ పట్టుకెళ్లి ఏయే మందులు దొరుకుతాయో డాక్టరుగారితో సరిచూసుకుని తెచ్చుకోండి. బీపీ, సుగర్, కొలెస్ట్రాల్ మాత్రల ధరలో తేడా బాగా కనిపిస్తుంది. మీ బిల్లు 2,500కు దిగొచ్చనుకుంటున్నాను. ఫిజియో అబ్బాయిని వ్యాయామాలన్నీ మీ మనిషికి నేర్పమని అడగండి. తర్వాత వారానికి ఒకసారి వచ్చి సరిచూస్తే చాలునా అన్నది డాక్టరుగారే చెప్పాలి. సరేనంటే అది 2,000 అవుతుంది.

రాత్రి మనిషిని మాత్రం తీసేయకండి. చాలామంది మొదట కోసేది అక్కడే. నేనూ 9,000 మిగులుతాయని అదే చేశాను. రెండు గంటలకోసారి లేచి అత్తగారిని పక్కకు తిప్పడం నాలుగు నెలలు చేశాక నా నడుం పట్టేసింది, నేనూ ఆమె పక్క గదిలో మంచం ఎక్కాను. అప్పుడు ఇద్దరికీ మనిషి కావలసి వచ్చింది. తిప్పడం మానేస్తే వీపున పుండు పడుతుంది, పుండు పడితే మళ్లీ ఆసుపత్రే. మీ 69 ఏళ్ల నడుం కూడా లెక్కల పుస్తకంలో రాయాల్సిన ఆస్తే.

ఇప్పుడు మొత్తం 28,100 అయింది. అబ్బాయి, అమ్మాయి చెరో 5,000 నెల మొదటి తారీఖున మీ ఖాతాలో పడేలా బ్యాంకులో రాయించమనండి. పండక్కి వచ్చినప్పుడు చేతిలో పెట్టే డబ్బు మీద ఇల్లు నడవదు. వడ్డీ, పిల్లల డబ్బు పోను అసలులోంచి తీయాల్సింది 8,800. అలా అయితే ఆ 16 లక్షలు పదేళ్లు వస్తాయి. మనుషుల జీతాలు పెరుగుతాయి కాబట్టి ఎనిమిదేళ్లనే అనుకుందాం. వార్డు సచివాలయంలో ఇంకొకటి అడగండి. పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 పింఛను ఉంది. వైద్య ధ్రువపత్రం కావాలి, కుటుంబ ఆదాయం, ఆస్తి చూస్తారు. అర్హత ఉందని తేలితే అసలు ముట్టుకోనక్కర్లేదు.

ఇక అన్నిటికన్నా తొందరగా చేయాల్సిన పని. డిపాజిట్‌కు మీరు నామినీ కదా అని ధీమాగా ఉన్నట్టున్నారు. నామినీకి డబ్బు ఇచ్చేది ఆయన పోయాకే అక్కయ్యా. ఆయన ఉండగా మీ సంతకానికి అక్కడ విలువ లేదు. ఈ వారమే అమ్మాయిని తోడు తీసుకుని బ్యాంకుకు వెళ్లండి. సంతకం చేయలేని రోగి వేలిముద్రను, అదీ కుదరకపోతే కాలి బొటనవేలి ముద్రను ఇద్దరు సాక్షుల ముందు తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ ఇద్దరిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఇంటికి రమ్మని మేనేజరుగారికి అర్జీ రాసివ్వండి. ఆయన ఎడమ చెయ్యి బాగుంది, అర్థం చేసుకుంటున్నారు. ఖాతాను ఇద్దరి పేర్ల మీద, ఎవరైనా ఒకరు తీసుకునేలా మార్పించుకోండి. ఆ తెలివి కూడా తప్పితే కోర్టుకెళ్లి సంరక్షకురాలిగా ఉత్తర్వు తెచ్చుకోవాలి. అది మీకొద్దు.

ఇల్లు రాయకండి. అబ్బాయి మంచివాడే కావచ్చు, నేను అతన్ని అనుమానించడం లేదు. కానీ ఇంటి మీద లోను తెస్తే వాయిదాలు కట్టాల్సింది అతని జీతంలోంచి. ఆ ఉద్యోగానికి ఏదైనా అయితే బ్యాంకు వచ్చేది మీ గుమ్మానికే. గిఫ్టు దస్తావేజు రిజిస్టరు చేశాక మీ ఇష్టానికి రద్దు కాదు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం ప్రకారం, చూసుకోనప్పుడు ఆస్తి వెనక్కి అడగొచ్చు. అయితే ‘పోషించాలి’ అన్న షరతు దస్తావేజులో లేకపోతే ఆ పోరాటం చాలా కష్టం. దాని బదులు వీలునామా రాయండి. ఇద్దరు సాక్షులు చాలు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మీరు ముందు వెళ్లిపోతే ఆయన బతికున్నన్నాళ్లూ ఆ ఇంట్లోనే ఉండాలని మొదటి వాక్యంగా పెట్టండి.

అమ్మడం కూడా ఇప్పుడే వద్దు. బెంగళూరులో మూడో అంతస్తు ఫ్లాటుకు ఆ మనిషిని ఎత్తుకెళ్లడం ఊహించుకోండి. డబ్బు నిజంగా అడుగంటితే 60 దాటినవాళ్లకు రివర్స్ మార్ట్‌గేజ్ అని ఉంది. ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకే నెలనెలా మీకిస్తుంది, మీరు ఇంట్లోనే ఉంటారు. మీ ఇద్దరి తర్వాత పిల్లలు బాకీ తీర్చి ఇల్లు ఉంచుకోవచ్చు, లేదా బ్యాంకు అమ్ముకుని మిగిలింది వాళ్లకిస్తుంది. అడిగిన మొదటి బ్రాంచీలోనే చేయకపోవచ్చు, ఇంకోచోట అడగండి.

ఒక్క మాట చెప్పడానికి మనసు ఒప్పడం లేదు గానీ చెప్పాలి. 70 నిండిన ప్రతివాళ్లకూ, ఆదాయంతో పనిలేకుండా, కుటుంబానికి కలిపి ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్స ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. కట్టిన 2,60,000 వెనక్కి రాదు. మళ్లీ అవసరం పడితే ఆదుకునేలా ఆయన ఆధార్‌తో ఇప్పుడే కార్డు చేయించండి, మీకు 70 నిండగానే మీరూ చేయించుకోండి. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ సంగతి కూడా వార్డు సచివాలయంలో అడగండి. బ్యాంకు పని అయ్యాక నాకు మళ్లీ రాయండి.

ప్రశ్న: నాన్నకు 66, పన్నెండేళ్లుగా సుగర్. ఇప్పుడు ఆరోగ్య బీమా ఇస్తారా? ఫారంలో సుగర్ రాయొద్దని ఏజెంటు అంటున్నాడు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అడగొచ్చు బాబూ. 65 దాటితే కొత్త పాలసీ లేదన్న హద్దును 2024 ఏప్రిల్ నుంచి తీసేశారు. పాత జబ్బులకు ఎదురుచూడాల్సిన కాలం మూడేళ్లకు మించకూడదు. 60 దాటినవాళ్ల ప్రీమియం ఏడాదిలో పది శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని సంప్రదించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ కూడా లేదు.

సుగర్ దాచొద్దు. దాచిన ఫారాలు నా బల్ల మీదికి ఎన్నో వచ్చాయి. గుండె ఆపరేషన్ కోసం చేరిన మనిషి కేస్ షీట్లో మొదటి పంక్తిలోనే ‘పదేళ్లుగా మధుమేహం’ అని ఉండేది, ఫారంలో ‘లేదు’ అని ఉండేది. ఆ క్లెయిములు తిరస్కరిస్తూ సంతకాలు చేసింది నేనే. బయట కూర్చున్న కొడుకుల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఏజెంటు అప్పటికి ఫోను ఎత్తేవాడు కాదు. ఫారం మీరే నింపండి, నాన్నగారు వేసుకునే మాత్రల పేర్లతో సహా. నింపాక ఫొటో తీసి దాచుకోండి.