యూఎన్ డ్యూటీకి వెళ్ళే తమ్ముడికి కత్తి: చిన్నది కొనండి, సానరాయి కూడా కొనండి

ప్రశ్న: మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు. యూఎన్ శాంతిదళంలో దక్షిణ సూడాన్ వెళ్తున్నాడు. గుర్తుగా ఒక గట్టి కత్తి ఇద్దామనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో పన్నెండంగుళాల కమాండో కత్తి నచ్చింది. తీసుకోవచ్చా? ఇనుము కానుకగా ఇవ్వకూడదని అమ్మ అంటోంది.

వద్దమ్మా. అమ్మగారి సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ పన్నెండంగుళాలదాన్ని కార్ట్‌లోంచి తీసేయండి.

నేను హవల్దారుగా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం క్వార్టర్ మాస్టర్ స్టోర్‌లో, అంటే జవాన్లకు సామానిచ్చే గోదాములోనే గడిచింది. కాంగోలో గోమా దగ్గర యూఎన్ డ్యూటీ కూడా చేశాను. అప్పట్లో ఆ మిషన్‌ని మోనుక్ అనేవాళ్ళు, 2010లో పేరు మార్చి మోనుస్కో చేశారు. స్టోర్‌లో కూర్చున్నవాడికి ఎవరెవరు ఇంటినుంచి ఏం తెచ్చుకున్నారో, అందులో ఏది రోజూ చేతిలో ఉంటుందో, ఏది ట్రంకుపెట్టె అడుగున తుప్పుపడుతుందో అన్నీ తెలుస్తాయి. పెద్ద కత్తులన్నీ ట్రంకుపెట్టెలోనే ఉంటాయి.

ఊళ్ళో జనానికి ఆర్మీ అనగానే యుద్ధమే గుర్తొస్తుంది. సెలవుకొస్తే చాలు, "ఎంతమందిని కాల్చావు?" అని అడుగుతారు. రేషన్ లెక్కలు రాసే మనిషిని పట్టుకుని! కత్తి కొనేటప్పుడు కూడా అదే ఊహ. మీ తమ్ముడికి రైఫిల్ ఉంటుంది, దాని మొనకు బిగించే కత్తి బాయొనెట్ ఉంటుంది, అవి సర్కారు ఇస్తుంది. దక్షిణ సూడాన్ ప్రమాదం లేని చోటని నేను అనను. 2013 ఏప్రిల్‌లో గుమురుక్ దగ్గర కాన్వాయ్ మీద మాటుకాసి దాడి చేస్తే మన జవాన్లు ఐదుగురు చనిపోయారు. కానీ అలాంటి చోట జేబులో కత్తి ఎంత పెద్దదైనా చేసేదేమీ ఉండదు. అది పనికొచ్చేది మిగతా రోజుల్లో. తాడు కొయ్యాలి, దోమతెర దారం కొయ్యాలి, అట్టపెట్టెలు విప్పాలి, వైరు తోలు తియ్యాలి, డబ్బా మూత తెరవాలి, ఉల్లిపాయ తరగాలి.

గోమాలో జరిగింది చెప్తాను. మా కంపెనీకి కర్నూలు వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. బంగారంలాంటి పిల్లాడు. బయల్దేరేముందు వాళ్ళ బావ ఒక కత్తి కొనిచ్చాడు. మీరు చూసినలాంటిదే: వీపుమీద రంపం పళ్ళు, నల్ల పూత, బోలు పిడి, పిడి చివర మూత విప్పితే లోపల సూదీ దారం, గేలం, అగ్గిపుల్లలు, మూతలో దిక్సూచి. వారం రోజులు అందరికీ చూపించాడు. ఒకరోజు రేషన్ లారీ వచ్చింది. గోమాలో వాన మొదలైతే మామూలుగా ఉండదు, కింద అంతా అగ్నిపర్వతం రాయి, నల్లగా, జారుడుగా. చెక్కపెట్టెలు దింపుతున్నాం. ఒకదాని మూత రాలేదు. మనవాడు ఆ కత్తి మొన మూత సందులోకి దూర్చి ఒక్క మెలి తిప్పాడు. టప్‌మని చప్పుడు. పిడి చేతిలో ఉంది, బ్లేడు ఎగిరి పక్కనున్న నాయక్ ర్యాంకు జవాను బూటు ముందు పడింది. జానెడు అటు పడుంటే పాదం పోయేది. పిడిలోని గేలాలూ అగ్గిపుల్లలూ బురదపాలయ్యాయి. దిక్సూచి ఎటు దొర్లిపోయిందో దొరకనేలేదు.

అప్పుడు మా లంగరు కమాండరు, అంటే వంటశాల పెద్ద, ఏమీ మాట్లాడకుండా ఒక ఇనుప గడ్డపార తెచ్చి మూత లేపాడు. మిగతా అట్టపెట్టెల ప్లాస్టిక్ పట్టీలు మాత్రం జేబులోంచి ఒక చిన్న మడతకత్తి తీసి కోసుకుంటూ పోయాడు. ఆ కత్తి నాకు బాగా గుర్తు. ఏళ్ళ తరబడి సానపట్టీ పట్టీ బ్లేడు వెడల్పు సగమైపోయింది. ఎర్ర పిడి రంగు వెలిసిపోయి గులాబీకి దిగింది. పట్టీ మీద ఆనిస్తే చాలు, లాగే పనిలేకుండా తెగేది.

ఆ పెద్దకత్తి ఎందుకు విరిగిందంటారా? బోలు పిడి కత్తికి సాధారణంగా బ్లేడు పిడిలోపలిదాకా పోదు. పిడి మొదట్లో ఒక నట్టుతోనో చిన్న అతుకుతోనో ఆగిపోతుంది. బలమంతా ఆ ఒక్క చోట పడుతుంది. మడవని కత్తి కొంటే బ్లేడు ఇనుము పిడి చివరిదాకా ఒకే ముక్కగా ఉండాలి, దాన్నే ఫుల్ టాంగ్ అంటారు. పిడి రెండు వైపులా బద్దలు, మధ్యలో ఇనుము గీతలా కనపడితే అదే. ఎంత మంచి కత్తయినా పెట్టె మూతలు లేపడానికి కాదు, అది వేరే మాట.

ఇక ఆన్‌లైన్ అమ్మకాల గురించి చెప్పకుండా ఉండలేను. "మిలిటరీ గ్రేడ్" అని రాస్తారు. ఏ మిలిటరీ? ఏ గ్రేడ్? నేను స్టోర్‌లో అన్నేళ్ళు ఉన్నాను, ఆ ముద్ర ఉన్న వస్తువు ఒక్కటీ ఇండెంట్ మీద, అంటే సామాను కావాలని మేం రాసే కాగితం మీద, రాలేదు. బ్లేడు మీద "440 స్టెయిన్‌లెస్" అని చెక్కి ఊరుకుంటారు. 440లో ఏ, బీ, సీ అని రకాలున్నాయి, వాటి మధ్య చాలా తేడా ఉంది. ఏదో చెప్పలేదంటే అందులో తక్కువదేనని నా లెక్క. అలల గీతలు చూపించి డమాస్కస్, అంటే పొరలు పొరలుగా కొట్టిన స్టీలు, అంటారు, సగం వాటికి ఆ గీతలు పైపైన అచ్చువేసినవే.

కుక్రీ, అంటే గూర్ఖాల వంకర కత్తి, ఇవ్వమని కూడా ఎవరో ఒకరు మీకు సలహా ఇచ్చే ఉంటారు. కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా పేరు కూడా ఎత్తి ఉంటారు. 1961 డిసెంబర్ 5న ఇదే కాంగోలో, ఎలిజబెత్‌విల్‌లో, 16 మంది గూర్ఖాలతో 90 మంది శత్రువుల మీద కుక్రీలు, బాయొనెట్లు, గ్రెనేడ్లతో విరుచుకుపడ్డాడు. ప్రాణం పోయింది, పరమవీర చక్ర వచ్చింది. యూఎన్ డ్యూటీలో ఆ పతకం పొందినవాడు ఆయనొక్కడే. దండం పెట్టాల్సిన మనిషి. కానీ గూర్ఖా చేతికి కుక్రీ చిన్నప్పటినుంచీ అలవాటు. మన కోస్తా కుర్రాడికి ఇస్తే కొబ్బరిబోండాం కొట్టడానికి వాడతాడు.

సరే, ఏది కొనాలి? నన్నడిగితే విక్టోరినాక్స్ ఫార్మర్. రైతు పేరు పెట్టారు, దానికి తగ్గట్టే ఉంటుంది. మడిచినప్పుడు 93 మిల్లీమీటర్లు, అల్యూమినియం పిడి, ఒక బ్లేడు, కర్ర కోసే రంపం, బెజ్జాలు పెట్టే దబ్బనం, డబ్బా ఓపెనరు, సీసా ఓపెనరు, అంతే. ఈ స్విట్జర్లాండు కంపెనీ 1891 నుంచీ వాళ్ళ సైన్యానికి కత్తులిస్తోంది. స్టీలు మెత్తన అని వీడియోల్లో పెదవి విరిచేవాళ్ళున్నారు. స్టీలు గట్టిదనం కొలిచే రాక్‌వెల్ లెక్కలో దాదాపు 56 ఉంటుంది, నిజమే, మరీ గట్టిదేం కాదు. అందుకే మామూలు రాయి మీద నాలుగు పట్లకి పదునొస్తుంది. మరీ గట్టి స్టీలైతే వజ్రపు పూత ఉన్న రాయి కావాలి, దక్షిణ సూడాన్‌లో మలకాల్ లాంటి ఊళ్ళో అదెక్కడ దొరుకుతుంది? ప్లయర్స్ కూడా కావాలంటే లెదర్‌మ్యాన్ వేవ్ చూడండి. సిగ్నల్స్‌లోనో ఇంజినీర్స్‌లోనో ఉంటే అదే మేలు. బరువెక్కువ, ధర కూడా ఎక్కువే. అమెరికన్ మెరీన్లు 1942 నుంచి వాడిన కాబార్ మంచి కత్తే, కాదనను. కానీ అది కార్బన్ స్టీలు. దక్షిణ సూడాన్‌లో వానాకాలం నెలల తరబడి ఉంటుంది. నేలేమో నల్లరేగడి, బూటు కూరుకుపోతే పైకి రాదు. నూనె రాయకుండా రెండు రోజులు వదిలేస్తే కార్బన్ స్టీలు మీద ఎర్రమచ్చలు తేలతాయి. అక్కడికి స్టెయిన్‌లెస్సే.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇదీ: కత్తి కంటే సానరాయి ముఖ్యం. కత్తులు కొనేవాళ్ళు బోలెడంత మంది, సానపట్టడం వచ్చినవాడు కంపెనీకి ఇద్దరుంటే గొప్ప. ఇదివరకు సైకిలుకి చక్రం బిగించుకుని సానపట్టేవాళ్ళు వీధుల్లోకి వచ్చేవాళ్ళు, ఇప్పుడు కత్తిపీట మొద్దుబారితే కొత్తది కొంటున్నారు. మొద్దుకత్తితోనే వేళ్ళు తెగుతాయి, ఎందుకంటే బలం పెట్టి నొక్కుతాం, జారుతుంది. ఒకవైపు గరుకు, ఒకవైపు నున్నగా ఉండే అరచేతిలో పట్టే రాయి ఒకటి హార్డ్‌వేర్ షాపులో తీసుకోండి. వెళ్ళేలోపు ఒక ఆదివారం తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఇంట్లో కూరల కత్తి మీద అలవాటు చేయించండి. సుమారు 20 డిగ్రీల వాలు, రెండువైపులా సమానంగా, చివర్లో పాత తోలు బెల్టు మీద నాలుగుసార్లు వెనక్కి లాగాలి. కాగితం చివర పట్టుకుని కోస్తే చిరగకుండా తెగాలి. కాగితం చిరిగితే మళ్ళీ రాయి మీదికే.

అమ్మగారి మాట: మా ఇంట్లో కూడా ఉప్పు, సూది, కత్తి చేతికివ్వరు, కింద పెడితే తీసుకోవాలి. మీరు కత్తి పళ్ళెంలో పెట్టండి, తమ్ముడు తీసుకుని మీకు ఒక రూపాయి ఇవ్వాలి. అప్పుడది కానుక కాదు, కొనుక్కున్నదే. అమ్మగారు ఒప్పుకుంటారు.

కొనేముందు ఒక్క ఫోన్ చెయ్యండి. సర్‌ప్రైజ్ అని దాచకండి. సొంత సామానులో ఏం తీసుకెళ్ళొచ్చో అతని యూనిట్ చెప్తుంది, పెద్ద బ్లేడు చూస్తే సుబేదారు సాబ్ పక్కన పెట్టించేస్తాడు. విమానంలో చేతి బ్యాగులో ఎంత చిన్న కత్తయినా ఒప్పుకోరు, లగేజీలోనే వేయించండి. వచ్చేటప్పుడు ఈ సంగతి మర్చిపోతారు కుర్రాళ్ళు, తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టు డబ్బాలో పడేసిన కత్తులు ఎన్నో చూశాను. బయల్దేరే తేదీ మీరు రాయలేదు. యూనిట్‌లో సామాను కట్టేశాక ఆ పెట్టె మళ్ళీ విప్పనివ్వరు, కాబట్టి ఈ సెలవులోనే ఇచ్చేయండి.