క్రైస్తవులా, విశ్వాసులా: ఆ పేరు ఎవరు పెట్టారు?

సందేహం: గురువుగారూ, నమస్కారం. మా ఊరి సంఘానికి నూరేళ్ళు నిండుతున్నాయని చిన్న సంచిక వేస్తున్నాం. అందులో మా పాతతరం వాళ్ళని "తొలి క్రైస్తవులు" అని రాద్దామని నేను, కాదు "తొలి విశ్వాసులు" అనే రాయాలని మా బాబాయి. క్రైస్తవుడు అనేది వైష్ణవుడు అన్న మాటను చూసి ఎవరో కట్టిన కృత్రిమ పదమట, పైగా యేసు శిష్యులు తమని తాము అలా పిలుచుకోనేలేదట. నిజమేనా? మా ఊళ్ళో ముసలివాళ్ళు మమ్మల్ని "కిరస్తానీవాళ్ళు" అంటారు, దాని సంగతి కూడా చెప్పండి.
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

సమాధానం: అమ్మా, మీ బాబాయిగారు చెప్పినదాంట్లో సగం నిజం, ఆ సగం చాలా విలువైనది. ముందు వ్యాకరణం తేల్చేద్దాం, అది చిన్న పని.

క్రీస్తు అన్న మాట చివర ఉకారం ఉంది. సంస్కృతంలో ఇలాంటి పదానికి 'ఫలానా ఆయనకు సంబంధించిన' అనే అర్థంలో తద్ధిత ప్రత్యయం (నామవాచకానికి చేరే తోక) చేరితే మొదటి అచ్చుకు వృద్ధి వస్తుంది, అంటే ఇ, ఈలు ఐ అవుతాయి, అకారం ఆ అవుతుంది, చివరి ఉకారం 'అవ' అవుతుంది. విష్ణు – వైష్ణవ, సింధు – సైంధవ, యదు – యాదవ. క్రీస్తు – క్రైస్తవ కూడా అంతే. గ్రీకులో అసలు మాట క్రిస్తోస్, హల్లుతో ముగుస్తుంది. మనకు మాట అచ్చుతో ముగిస్తేగాని నోరు తిరగదు కాబట్టి క్రీస్తు అయింది, ఆ క్రీస్తుకు సంస్కృత సూత్రం పట్టించారు. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. పైగా గ్రీకులో ఆ మాట పుట్టిన తీరు కూడా సరిగ్గా ఇలాంటిదే, ఒక భాష పేరుకు మరో భాష తోక తగిలించడం. ఆ కథ చెబితేగాని మీ బాబాయిగారి రెండో మాటకు జవాబు రాదు.

బైబిల్లో తొలి శిష్యుల కథ చెప్పే అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయం 26వ వచనం చూడండి. అంతియొకయలో శిష్యులు మొట్టమొదట క్రైస్తవులనబడిరి అని ఉంటుంది. "అనబడిరి" అన్న క్రియను గమనించండి, "అనుకొనిరి" అని లేదు. పిలిచినవాళ్ళు వేరే. అంతియొకయ అప్పుడు సిరియా ప్రాంతానికి రోమన్ పాలనలో ముఖ్యనగరం, ఇప్పటి టర్కీలోని అంతాక్య. అక్కడ పుట్టిన మాట క్రిస్తియానోస్. అందులో క్రిస్తోస్ గ్రీకు, చివరి '-ఇయానుస్' లాటిన్ ప్రత్యయం. ఒక నాయకుడి పక్షం వాళ్ళని చెప్పడానికి రోమన్లు దాన్ని వాడేవారు, సీజర్ మనుషులు సీజరియానులు, పాంపే మనుషులు పాంపెయానులు. సువార్తల్లో హేరోదు మనుషులకు ఉన్న పేరు కూడా ఆ అచ్చులో పోసిందే, మన బైబిల్లో దాన్ని హేరోదీయులు అన్నారు. అంటే "ఆ క్రీస్తు అనేవాడి పార్టీ వాళ్ళు" అన్నట్టు ఊరివాళ్ళో, అధికారులో పెట్టిన పేరు ఇది. క్రిస్తోస్ అంటే అభిషిక్తుడు, హీబ్రూ మెస్సీయకు అనువాదం. అది బిరుదని యూదులకు తెలుసు. బయటివాళ్ళకు మాత్రం అది ఒక మనిషి పేరులాగే వినిపించింది. చివరికి పేరు కూడా సరిగ్గా పలికేవాళ్ళు కాదు. గ్రీకులో క్రేస్తోస్ అంటే మంచివాడు, బానిసలకు పెట్టుకునే మామూలు పేరు కూడా, రెండు మాటలూ వినడానికి ఒకేలా ఉండేవి, దాంతో చాలామంది క్రెస్తియానులు అనేవారు. ద్వేషిస్తున్న పేరును కనీసం సరిగా పలకడం కూడా రాదు మీకు అని ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌కు చెందిన క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ 2వ శతాబ్దం చివర్లో నిలదీశాడు.

మరి వాళ్ళు తమని తాము ఏమనుకున్నారు? కొత్త నిబంధన మొత్తంలో క్రైస్తవ అన్న మాట మూడంటే మూడు చోట్ల వస్తుంది. పైన చెప్పింది ఒకటి, తొలి సంఘాలకు ఉత్తరాలు రాసిన అపొస్తలుడు పౌలుతో అగ్రిప్ప రాజు అన్న మాట రెండోది, యేసు శిష్యుడు పేతురు పేరున ఉన్న మొదటి పత్రికలో మూడోది. పౌలు తన ఉత్తరాల్లో ఒక్కసారి కూడా వాడలేదు. ఆయన "క్రీస్తునందు" ఉన్నవారు అంటాడు, "పరిశుద్ధులు" అంటాడు, అన్నిటికంటే ఎక్కువగా "సహోదరులారా" అంటాడు. కార్యముల గ్రంథంలో "ఈ మార్గము" అన్న పేరు కూడా ఉంది, మార్గమందున్నవారు అంటే వీళ్ళే. విశ్వసించినవారు అన్న మాటా ఉంది. కాబట్టి మీ బాబాయిగారు పట్టుబట్టిన "విశ్వాసులు" ఇంట్లో పుట్టిన పేరు, మీరు కోరిన "క్రైస్తవులు" వీధిలోంచి వచ్చిన పేరు.

సహోదరుడు అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి నాకు. సహ, ఉదరం – ఒకే కడుపున పుట్టినవాడు. గ్రీకులో అదెల్ఫోస్ అంటారు, దాని వ్యుత్పత్తి కూడా అచ్చంగా ఇదే, 'అ' అంటే ఒకే, 'దెల్ఫ్యుస్' అంటే గర్భం. తెలుగు బైబిల్ అనువాదకులు తమ్ముడనో అన్న అనో అనకుండా ఈ మాటను పట్టుకోవడం చూస్తే నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. ఆ రోజుల్లో ఈ పిలుపు ఎంత పెద్ద సంగతో ఊహించండి. కొరింథులోనో రోములోనో ఒక ఇంట్లో యజమాని, ఆ ఇంటి బానిస, పక్క వీధి యూదుడు, దేవతల గుళ్ళకు వెళ్తూ పెరిగిన గ్రీకు వ్యాపారి, వీళ్ళంతా ఒకే కడుపున పుట్టామని చెప్పుకున్నారు. చెప్పుకోవడం తేలికే, ఒకే చోట కూర్చుని తినడం దగ్గరే అసలు చిక్కు వచ్చింది. మనం కంచం పొత్తు, మంచం పొత్తు అంటాం కదా, ఆ కంచం పొత్తు మీదే వాళ్ళ తొలి పెద్ద గొడవల్లో ఒకటి జరిగింది, అదీ ఈ పేరు పుట్టిన అంతియొకయలోనే. పేతురు యూదులు కాని విశ్వాసులతో కలిసి తింటూ ఉన్నాడు, యెరూషలేము సంఘపెద్ద యాకోబు దగ్గర నుంచి, అలా కలిసి తినడం ఒప్పని యూదు ఆచారం పట్టే కొందరు రాగానే భయపడి వెనక్కి తగ్గాడు. పౌలు అందరి ముందే ఆయన్ని నిలదీశానని గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో చెప్పుకున్నాడు. కొరింథులో మరో రకం గొడవ, ఉన్నవాళ్ళు ముందే కడుపునిండా తిని తాగి ఉంటారు, లేనివాళ్ళు వచ్చేసరికి ఏమీ మిగలదు. దాన్ని ప్రభువు భోజనం అనడానికి వీల్లేదని పౌలు తేల్చి చెప్పాడు. ఒక గుంపు "మనం" అనుకోవడం సిద్ధాంతాల కంటే ముందు విస్తరి దగ్గర మొదలవుతుందని ఈ రెండు గొడవలూ చూశాక నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇంకో మాట, సంఘం. మీ సంచికలో ఇది ప్రతి పేజీలోనూ వస్తుంది కాబట్టి చెబుతున్నాను. గ్రీకులో ఎక్లేసియా. అది మతం మాట కాదు, ఊరి పౌరులంతా చేరి నిర్ణయాలు చేసే సభకు ఉన్న పేరు. యూదులు గ్రీకులోకి తెచ్చుకున్న లేఖనాల్లో ఇశ్రాయేలు ప్రజల సమావేశానికి కూడా అదే మాట. ఆ రెండు బరువులూ ఉన్న మాటను ఎవరో ఒకరి ఇంట్లో చేరే కొద్దిమంది తమకు పెట్టుకున్నారు. ప్రిస్కిల్ల, అకుల దంపతుల ఇంట ఉన్న సంఘానికి వందనాలు చెప్పమని పౌలు రాస్తాడు చూడండి, అప్పటికి సంఘం అంటే మనుషులే, కట్టడం కాదు. తెలుగులో చర్చి అంటే ముందు కట్టడం గుర్తొస్తుంది, సంఘం అంటే మనుషులు గుర్తొస్తారు, ఈ తేడా మనకు దొరికిన అదృష్టం. ఎఫెసు నాటకశాలలో గోల చేసిన జనసమూహానికీ కార్యముల గ్రంథం ఎక్లేసియా అనే అంటుంది, అక్కడ మన అనువాదకులు "సభ" అన్నారు. కతోలికులు మాత్రం ఆ సభనే తీసుకుని "శ్రీసభ" అన్నారు. సువార్త – సువిశేషం కూడా ఇలాంటి జంటే. మాట వినగానే ఎవరు ఏ శాఖవారో మన ఊళ్ళలో తెలిసిపోతుంది, తొలి శతాబ్దాల్లోనూ మాటల వల్లే మనుషులు ఇలా గుర్తుపట్టుకునేవారు.

ఇక బయటివాళ్ళు పెట్టిన పేరు సొంత పేరు ఎలా అయిందో చూడండి, మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. సుమారు క్రీ.శ. 112లో ఇప్పటి టర్కీ ఉత్తరభాగంలోని బితూనియ, పొంతు ప్రాంతాన్ని పాలిస్తున్న రోమన్ అధికారి ప్లినీ, ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. వీళ్ళని ఏ నేరానికి శిక్షించాలి, ఆ పేరు ఉండటమే నేరమా, లేక ఆ పేరుతో పాటు చేసే తప్పులేవైనా ఉంటే వాటికా అని అడిగాడు. తను మాత్రం "నువ్వు క్రైస్తవుడివా?" అని మూడుసార్లు అడిగించి, మూడుసార్లూ అవునన్నవాళ్ళని చంపించాడు. విచారిస్తే తేలిందేమిటంటే వాళ్ళు ఒక నియమితమైన రోజున తెల్లవారకముందే చేరి క్రీస్తుకు దేవుడికి పాడినట్టు పాట పాడతారు, దొంగతనం వ్యభిచారం చేయమని ప్రమాణం చేసుకుంటారు. అంతే. ఇంతకు మించి నేరం దొరకలేదు, దొరికింది పేరొక్కటే. ఒక పేరు ప్రాణం తీసేదాకా వస్తే దాన్ని వదులుకుంటారు, లేదంటే గుండెకు హత్తుకుంటారు. వదులుకున్నవాళ్ళూ ఉన్నారని ప్లినీ రాశాడు. హత్తుకున్నవాళ్ళలో 177లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో చిత్రహింసలు పడ్డ సాంక్తుస్ ఒకడు. నీ పేరేంటి, ఏ ఊరు, బానిసవా స్వతంత్రుడివా అని ఎన్ని అడిగినా లాటిన్‌లో ఒకటే జవాబు, "క్రిస్తియానుస్ సుమ్", నేను క్రైస్తవుణ్ణి. ఊరు, జాతి, తరగతి అన్నీ ఆ ఒక్క మాటలో వేసేశాడు.

203లో కార్తేజ్‌లో పెర్పెతువ అనే తల్లి, ఇరవై రెండేళ్ళది, చంకలో పాలు తాగే బిడ్డ ఉన్నాడు. క్రైస్తవురాలని ఆమెను పట్టుకున్నారు, విశ్వాసాన్ని కాదనమని తండ్రి బతిమాలాడు. ఆమె అక్కడున్న ఒక కూజాను చూపించి, నాన్నా, దీన్ని ఇది కాక వేరే పేరుతో పిలవగలమా అని అడిగింది. లేమన్నాడు. అలాగే నేను కూడా నేనేమిటో అది కాక ఇంకో మాట చెప్పలేను, నేను క్రైస్తవురాలిని అంది. జైల్లో ఆమె తన అనుభవాలను స్వయంగా రాసుకుంది కాబట్టి ఈ మాటలు మనదాకా వచ్చాయి. నలభై ఏళ్ళుగా పదాల అర్థాలు చెబుతున్నాను, ఒక పేరుకూ అది మోసే మనిషికీ ఉన్న సంబంధాన్ని ఇంత సూటిగా చెప్పిన వాక్యం నాకు ఇంకోటి కనబడలేదు.

కిరస్తానీ సంగతి. యూరపు నుంచి వచ్చినవాళ్ళ నోట విన్న మాట మన నోట పడి విడిపోయిన రూపం అది, రత్నం రతనం అయినట్టు క్ర కాస్తా కిర అయింది. పుట్టుకలో తిట్టు లేదు. మీ ఊరి ముసలివాళ్ళు బహుశా ఏ చెడు ఉద్దేశమూ లేకుండానే అంటూ ఉండవచ్చు. కానీ వాడుకలో దానికి చులకన అంటుకుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఆ పేరున్నవాళ్ళు దాన్ని తమదిగా ఎప్పుడూ తీసుకోలేదు. అంతియొకయవాళ్ళు పెట్టిన పేరుకు, దీనికి తేడా అదే. మీ తాతల జ్ఞాపకాల్లో ఎవరో అన్న మాటగా వస్తే కొటేషన్లలో ఉంచండి, మీ మాటగా రాయకండి.

సంచికకు నా సలహా ఇది. మీవాళ్ళు ఒకరి గురించి ఒకరు చెప్పుకునే చోట, పాత ప్రార్థన కూటాల కబుర్లలో, విశ్వాసులు అనే ఉంచండి, బాబాయిగారి మాట అక్కడ చక్కగా అతుకుతుంది. ఊరి చరిత్ర చెప్పేచోట, బయటివాళ్ళు చదివే ముందుమాటలో, శీర్షికలో "తొలి క్రైస్తవులు" అనండి. విశ్వాసులు అంటే ఏ విశ్వాసమో కొత్త పాఠకుడికి తెలియదు. క్రైస్తవం, క్రైస్తవ్యం రెండూ వాడుకలో ఉన్నాయి, ఏదో ఒకటి ఎంచుకుని సంచిక అంతా అదే వాడండి. మీ ఉత్తరంతో పాటు పంపిన కవర్ పేజీ నమూనాలో "క్రైస్థవ" అని థకారం పడింది, క్రీస్తులో ఉన్న తకారమే ఇక్కడా ఉండాలి, ప్రెస్‌కి వెళ్ళేలోపు దిద్దించండి.