డిబేట్‌కి వెళ్లే ముందు, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెయిలు చదివాను. దానితోపాటు నీ కన్సల్టెంట్ తయారుచేసిన ఫైలూ చూశాను. వచ్చే గురువారం లైబ్రరీ హాల్లో జరిగే ప్రైమరీ డిబేట్‌లో నీ ప్రధాన ప్రత్యర్థి విడాకుల కేసు ఎత్తాలా వద్దా అని అడిగావు. ఎత్తొద్దు. ఎందుకొద్దో, దాని బదులు ఏం చెయ్యాలో చెప్తాను. నీకిది మొదటి ఎన్నిక. నేను ఈ హ్యూస్టన్‌లో ఏళ్ల తరబడి ప్రైమరీల కోసం, అంటే పార్టీ టికెట్ ఎవరికో ఓటర్లే తేల్చే ఎన్నికల కోసం, తలుపులు తట్టినవాణ్ణి, అభ్యర్థుల్ని కూర్చోబెట్టి డిబేట్లకి తయారుచేసినవాణ్ణి. కాబట్టి కాస్త గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకు.

మన ఊళ్లో టికెట్ పార్టీ పెద్దలు ఇస్తారు, కొట్లాట అవతలి పార్టీతో. ఇక్కడ టికెట్ కోసమే జనం దగ్గరికి వెళ్లాలి, కొట్లాటంతా సొంత పార్టీవాళ్లతో. నీ పక్కన నిలబడే ఆ ముగ్గురికీ ఓటేసేవాళ్లే నవంబరులో అవతలి పార్టీతో జరిగే అసలు ఎన్నికలో నీకు ఓటెయ్యాలి. టెక్సస్‌లో నవంబరు దాకా ఆగే పని కూడా లేదు. మార్చి ప్రైమరీలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరికీ మేలో రనాఫ్, అంటే మలి విడత పోటీ, పెడతారు. నలుగురు పోటీలో ఉంటే రనాఫ్ తప్పదనే అనుకో. మార్చిలో నువ్వు ఎవరి మనసు విరిచావో, ఏప్రిల్లో వాళ్ల గుమ్మం ముందే నిలబడి ఓటు అడగాలి. అందుకే ఆ రాత్రి ప్రత్యర్థి ముఖం చూస్తూ మాట్లాడినా, అతనికి ఓటెయ్యాలని వచ్చి మూడో వరుసలో కూర్చున్న మనిషికి చెప్తున్నట్టు మాట్లాడు. నేను చెప్పే మిగతావన్నీ దీని కిందికే వస్తాయి.

2018లో మన హ్యూస్టన్‌లోనే, 7వ కాంగ్రెస్ నియోజకవర్గంలో ఏం జరిగిందో నీకు గుర్తుండకపోవచ్చు. లారా మోజర్ అనే అభ్యర్థిని ఆపాలని డెమోక్రటిక్ పార్టీ కాంగ్రెస్ ఎన్నికల కమిటీయే ఆవిడకు వ్యతిరేకంగా పోగుచేసిన సమాచారాన్ని ప్రైమరీకి కొద్ది రోజుల ముందు బాహాటంగా పెట్టింది. సొంత పార్టీ అభ్యర్థి మీద! జనానికి కోపం వచ్చింది, ఆవిడ రనాఫ్‌కి చేరింది. మేలో లిజీ ఫ్లెచర్ గెలిచింది, నవంబరులో సీటూ గెలిచింది. కానీ ఆ కమిటీ ఆపాలనుకున్న మనిషిని ఆ దాడే పైకి లేపింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇక నీ ఫైలు. అందులో మూడు సంగతులున్నాయి. మొదటివి విడాకుల కాగితాలు. కోర్టు రికార్డే, అబద్ధమేమీ కాదు. కానీ ఆ పిల్లలు నీ నియోజకవర్గంలోనే బడికి వెళ్తున్నారు. అతని మాజీ భార్యా నీ ఓటరే. ఆ హాల్లో కూర్చున్నవాళ్లలో విడాకుల బాధ పడ్డవాళ్లు ఎంతమంది ఉంటారో ఆలోచించు. చించి పారెయ్యి. రెండోది ఆస్తి పన్ను. పన్ను ఎగ్గొట్టాడని మీ కన్సల్టెంట్ రాశాడు. రసీదు చూస్తే ఆలస్యంగా కట్టాడు, జరిమానాతో సహా కట్టాడు. ‘ఆలస్యంగా కట్టాడు’ అన్నదాన్ని ‘ఎగ్గొట్టాడు’ అని నువ్వు వేదిక మీద అన్నావంటే అబద్ధాలకోరు ముద్ర నీకు పడుతుంది. అదీ పక్కన పెట్టు.

మూడోది నువ్వు తిప్పేసి వదిలేసిన కాగితం, అతను సభ్యుడిగా ఉన్న స్కూల్ బోర్డు మినిట్స్, అంటే సమావేశాల్లో జరిగింది రాసిపెట్టిన రికార్డు. బస్సు రూట్లు తగ్గించిన సాయంత్రం అతను సమావేశానికి రాలేదు. టీచర్ల జీతాల మీద ఓటింగ్ జరిగిన రోజూ రాలేదు. నీకు కావలసింది ఇదే. ముందు అతను ఆ రెండు రోజులూ ఎందుకు రాలేదో కనుక్కో. ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉండి రాలేకపోయి ఉంటే ఈ ప్రశ్నా వదిలెయ్యి. అలాంటిదేమీ లేదని తేలితే ఇంతే అడుగు: “బస్సు రూట్లు తగ్గించిన రోజు మీరు రాలేదు. ఆ రూట్లలో పిల్లలున్న తల్లిదండ్రులు ఇవాళ ఇక్కడ ఉన్నారు. వచ్చి ఉంటే ఎటు ఓటేసేవారు?” అక్కడితో ఆపు. బద్ధకస్తుడనీ, బాధ్యత లేనివాడనీ నువ్వు అనొద్దు. అనుకోవాలంటే జనమే అనుకుంటారు.

అడిగే తీరు ఎంత ముఖ్యమో తెలియాలంటే 2019 సెప్టెంబరు 12న మన టెక్సస్ సదరన్ యూనివర్సిటీలో జరిగిన డెమోక్రటిక్ అధ్యక్ష అభ్యర్థుల డిబేట్ వీడియో తీసి చూడు. హూలియాన్ కాస్ట్రో శాన్ ఆంటోనియో మేయరుగా చేసినవాడు, ఒబామా దగ్గర మంత్రి. సొంత రాష్ట్రంలో వేదిక. ఆరోగ్య బీమా మీద మాట్లాడుతూ బైడెన్ వైపు తిరిగి, రెండు నిమిషాల కింద మీరన్నది మీరే మర్చిపోతున్నారా అని ఒకటికి రెండుసార్లు అన్నాడు. బైడెన్‌కి అప్పుడు 76 ఏళ్లు. ఆ మాట దేన్ని గుచ్చుతోందో హాల్లో అందరికీ అర్థమైంది. తీరా చూస్తే బైడెన్ అన్నదాన్ని కాస్ట్రోయే సరిగా పట్టుకోలేదని తర్వాత తేలింది. ఇద్దరి బీమా పథకాల మధ్య నిజంగానే తేడా ఉంది, అది మాట్లాడాల్సిన విషయమే. మర్నాడు దాని గురించి మాట్లాడినవాళ్లు లేరు, పెద్దమనిషిని అవమానించాడన్నదే మిగిలింది. జనవరికల్లా కాస్ట్రో పోటీలోంచి తప్పుకున్నాడు. బైడెన్ వయసు అడగకూడని ప్రశ్నేమీ కాదు, 2024 జులైలో ఆయన రెండో దఫా అధ్యక్ష పదవి కోసం చేస్తున్న పోటీ నుంచి తప్పుకోవడానికి అదే కారణమైంది. న్యాయమైన ప్రశ్నని ఎత్తిపొడుపుగా వేస్తే ప్రశ్న కూడా చచ్చిపోతుంది, అదే నా బాధ.

ఆ 2019లోనే జూన్‌లో మయామీ డిబేట్‌లో కమలా హారిస్ బైడెన్‌ని ఇంతకంటే గట్టిగా పట్టుకుంది. నల్లజాతి పిల్లల్ని బస్సుల్లో వేరే బడులకు పంపే పద్ధతిని ఆయన ఒకప్పుడు వ్యతిరేకించడం గురించి నిలదీసి, అలా బస్సెక్కిన చిన్నపిల్లని నేనే అంది. మీరు జాత్యహంకారి అని నేననుకోవడం లేదని ముందే చెప్పి మరీ అడిగింది. దెబ్బ గట్టిగానే తగిలింది. ఆమె ప్రచారం డిసెంబరు దాటలేదు, అది వేరే సంగతి. మరుసటి ఏడాది ఆగస్టులో ఆయనే ఆమెను ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎంచుకున్నాడు. ఆ సంబంధం మిగిలిందంటే ఆమె నిలదీసింది ఆయన పాత నిర్ణయాన్ని కాబట్టే. ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. ఆ చిన్నప్పటి ఫొటోతో టీషర్టులు ఆ రాత్రే అమ్మకానికి పెట్టారు. మనసులోంచి వచ్చిందనుకున్న మాట ముందే తయారుగా ఉందని తెలిస్తే ఎవరికైనా ఎలా ఉంటుంది? నీ వాలంటీర్లు ఇలాంటి ఉత్సాహం చూపిస్తే ఆపు.

నిన్ను అన్నప్పుడు ఏం చెయ్యాలన్నది ఇంకా పెద్ద పని. అతను నీ పేరు కావాలనే వంకర తిప్పి పలుకుతున్నాడని రాశావు. 2025 జూన్‌లో న్యూయార్క్ మేయర్ ప్రైమరీ డిబేట్‌లో మాజీ గవర్నర్ ఆండ్రూ క్వోమో ఇలాగే ప్రత్యర్థి జోహ్రాన్ మమ్దానీ పేరుని మళ్లీ మళ్లీ తప్పు పలికాడు. మమ్దానీ ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పి, సరిగా పలకడం నేర్చుకోమన్నాడు. కొన్ని సెకన్ల పని. ప్రైమరీ గెలిచాడు కూడా. నువ్వూ ఒక్కసారి నీ పేరు నెమ్మదిగా, స్పష్టంగా చెప్పు, వెంటనే బస్సు రూట్ల దగ్గరికి వచ్చెయ్యి. రెండోసారి తప్పు పలికితే పట్టించుకోకు. నీ యాస గురించి అంటే మాత్రం బదులియ్యి: “ఈ యాసతోనే ఇరవై ఏళ్లుగా ఇక్కడ పన్ను కడుతున్నాను, ఇక్కడి బడిలోనే పిల్లల్ని చదివించాను.” అంతకుమించి ఒక్క మాట వద్దు.

2023 డిసెంబరులో టస్కలూసాలో జరిగిన రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థుల డిబేట్‌లో వివేక్ రామస్వామి ఒక కాగితం మీద నిక్కీ హేలీని అవినీతిపరురాలని రాసి అందరికీ ఎత్తి చూపించాడు. బదులిస్తారా అని మోడరేటర్ అడిగితే, ఆయనకి బదులివ్వడానికి నా సమయం వృథా చెయ్యను అంది హేలీ. అంతకు నెల ముందు మయామీలో ఆమె కూతురు టిక్‌టాక్ వాడిందన్న సంగతి ఆయన వేదిక మీదికి లాగితే హాల్లో జనమే అరిచి అడ్డుపడ్డారు. మన శాసనసభల్లో ఇంటి ఆడవాళ్లని ఎత్తినప్పుడు మనకి ఎలా కడుపు మండుతుందో, ఇక్కడివాళ్లకీ పిల్లల్ని ఎత్తితే అలాగే మండుతుంది. అందరికంటే ముందు ఓటింగ్ జరిగిన అయోవాలో రామస్వామికి ఎనిమిది శాతం లోపే ఓట్లు వచ్చాయి, ఆ రాత్రే తప్పుకున్నాడు. ఇద్దరూ మన దేశపు మూలాలున్నవాళ్లే కావడంతో అదంతా చూస్తుంటే మనసు చివుక్కుమంది.

తిట్టుకి తిట్టు అప్పజెప్తానంటావేమో. 2016లో రిపబ్లికన్ అధ్యక్ష టికెట్ కోసం ట్రంప్‌తో పోటీపడ్డ మార్కో రూబియో ఆ పనే చేశాడు. ట్రంప్ తనని పొట్టివాడని వెక్కిరిస్తుంటే, తనూ ట్రంప్ చేతుల సైజు మీద జోకులేశాడు. తర్వాత డెట్రాయిట్ డిబేట్‌లో ట్రంప్ ఆ చేతులెత్తి చూపించి బదులిస్తే దేశమంతా తల దించుకుంది. తన పిల్లలకే సిగ్గేసిందని, మళ్లీ అలా చెయ్యనని రూబియో కొద్ది రోజులకే చెప్పుకున్నాడు. మార్చి 15న సొంత రాష్ట్రం ఫ్లోరిడాలో ఓడి ఇంటికెళ్లాడు. తిట్టడం అలవాటున్నవాడికి తిట్టు అతుకుతుంది. నీకు అతకదు, అతకాలని నేను కోరుకోను కూడా.

మోడరేటర్లు పంపిన నిబంధనల కాగితం జాగ్రత్తగా చదువు. చాలాచోట్ల పేరు పెట్టి అన్నవాళ్లకి జవాబు చెప్పుకునే సమయం ఇస్తారు. నీకున్న తొంభై సెకన్లలో అతని పేరు ఊరికే ఎత్తావంటే అతనికి మరో అర నిమిషం నువ్వే ఇచ్చినట్టు. పేరు ఒక్కసారే, ఆ మినిట్స్ ప్రశ్న దగ్గరే.

ఆదివారం మీ అన్నయ్యని వంటగదిలో నీ ఎదురుగా నిలబెట్టి నిన్ను తిట్టించు. వాడికి మొహమాటం లేదు, బాగా తిడతాడు. ఫోన్ గోడకి ఆనించి వీడియో తీసుకో. మాటలు తర్వాత విందువుగాని, ముందు శబ్దం తీసేసి నీ ముఖం చూడు. కోపం వస్తే నీకు కింది పెదవి లోపలికి వెళ్తుంది, కుడిచేత్తో గాజులు తిప్పుతావు. చిన్నప్పటి నుంచీ అంతే. ఆ రోజు గాజులు వేసుకోకు, చేతిలో పెన్ను పట్టుకుని అతను అన్నది రాసుకుంటూ ఉండు.

ఇంకొకటి, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో నీ మీద ప్రేమతో అప్పుడే అతని మీద బొమ్మలు చేసి తిప్పుతున్నారు. అందులో ఒకటి అతని మతం మీద. నీ తరఫున ఎవరు తిట్టినా ఆ తిట్టు నీ ఖాతాలోనే పడుతుంది. రేపు రనాఫ్‌లో ఆ బొమ్మని నీ ఫొటో పక్కన పెట్టి ఇల్లిల్లూ పంచుతారు. ఆ గ్రూపుల్లో నువ్వే ఒక వాయిస్ మెసేజ్ పెట్టు, తెలుగులోనే: అది తీసెయ్యండి, నా కోసం చేస్తుంటే అస్సలు చెయ్యొద్దు అని. కొందరు అలుగుతారు. అలగనీ, వాళ్లతో నేను మాట్లాడతాను. మన సంఘాల ఎన్నికల్లో ఎలా తిట్టుకున్నా ఆదివారం భోజనాల దగ్గర కలిసిపోతాం. ఇక్కడ నిన్ను ఎరగనివాళ్లు చూస్తుంటారు.

డిబేట్ అయ్యాక తిన్నగా కారెక్కకు. ముగ్గురికీ చెయ్యి కలుపు, అతనికే ముందు. తర్వాత గుమ్మం దగ్గర నిలబడి, అతని బ్యాడ్జీ పెట్టుకున్నవాళ్లు బయటికి వస్తుంటే పలకరించు, వాళ్ల పిల్లలు ఏ బస్సెక్కుతారో అడుగు. ఆ నిబంధనల కాగితం రేపటికల్లా నాకు పంపు. శనివారం పొద్దున మినిట్స్ పట్టుకుని నేనూ పెద్దమ్మా వస్తున్నాం.

మీ పెదనాన్న