లోకో భిన్నరుచిః: ఒకే సినిమా, వేరువేరు ప్రేక్షకులు

ప్రశ్న: నాకు ఎంతో నచ్చిన సినిమాను ఇంట్లో వాళ్ళందరికీ చూపించాను. నాన్నగారు సగంలోనే నిద్రపోయారు, తమ్ముడు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు, అమ్మ మాత్రం చివర్లో కళ్ళు తుడుచుకుంది. అందరూ చూసింది ఒకే బొమ్మ అయినప్పుడు ఇంత తేడా ఎలా వచ్చింది?

జవాబు: తెర మీద ఆడిన బొమ్మ ఒకటే గాని, నలుగురూ చూసింది ఒకటి కాదు. సుమారు నూరేళ్ళ కిందట రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగాన్ని సినిమా చదువుకునే వాళ్ళందరికీ మొదట్లోనే చెబుతారు. ఏ భావమూ లేని ఒక నటుడి ముఖాన్ని ఒకసారి సూప్ గిన్నె దృశ్యం పక్కన, ఒకసారి శవపేటిక దృశ్యం పక్కన అతికించి చూపితే, మొదటి దాంట్లో ఆకలినీ రెండో దాంట్లో దుఃఖాన్నీ ఎంత బాగా నటించాడని ప్రేక్షకులు మెచ్చుకున్నారట. ముఖం మాత్రం రెండు చోట్లా ఒకటే. ఆ ఆకలీ ఆ దుఃఖమూ తెర మీద లేవు, చూసేవాళ్ళే తమ దగ్గర ఉన్నవాటిని తెచ్చి అక్కడ పెట్టారు.

మన అలంకారికులు, అంటే కావ్యనాటకాల గురించి శాస్త్రాలు రాసిన పండితులు, ఈ సంగతిని ఇంకా ముందే పట్టుకున్నారు. ప్రేక్షకుడి మనసులో పూర్వానుభవాల వాసనలు, అంటే అవి మిగిల్చిన ముద్రలు, ఉంటేనే రసం పుడుతుందనీ, అవి లేనివాడికి అదే ప్రదర్శన కట్టెలాగా రాయిలాగా మిగిలిపోతుందనీ వాళ్ళ అభిప్రాయం. మీ అమ్మగారి మనసులో ఆ చివరి సన్నివేశం తాకిన జ్ఞాపకం ఏదో ఉండి ఉంటుంది. ఇక నాన్నగారి విషయానికి వస్తే, ఆయన వేరే రకం సినిమా అనుకుని వచ్చి కూర్చున్నారేమో ఒకసారి అడిగి చూడండి. హాస్యచిత్రం అనుకుని వచ్చినవాడికి మంచి విషాదగాథ కూడా విసుగే పుట్టిస్తుంది. ప్రచారచిత్రం (ట్రైలర్) ఒక మాట ఇచ్చి సినిమా వేరొకటి చేసినప్పుడు జనం నిరాశపడేది ఇందుకే.

ప్రశ్న: అభిరుచి వయసును బట్టి మారుతుందంటారా?

జవాబు: చాలావరకు మారుతుంది. నాట్యశాస్త్రం ఇరవై ఏడవ అధ్యాయంలో భరతుడు ప్రేక్షకులను విడదీసి మరీ చెప్పాడు: యువకులకు శృంగారం, శూరులకు వీరరౌద్రాలూ యుద్ధాలూ, విరాగులకు మోక్షం, వృద్ధులకు ధర్మకథలూ పురాణాలూ ప్రీతి కలిగిస్తాయని. పిల్లలూ మూర్ఖులూ స్త్రీలూ హాస్యానికీ వేషాలకూ సంతోషిస్తారని అక్కడే అన్నాడు. ముగ్గురినీ ఒక గాటన కట్టిన ఆ మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. అయితే ఆదర్శ ప్రేక్షకుడి లక్షణాలన్నీ ఒక్క మనిషిలో దొరకవని కూడా ఆయనే ఒప్పుకున్నాడు, కాబట్టి ఆ పట్టికను మరీ బిగించి పట్టుకోనక్కరలేదు.

ప్రశ్న: లఘుచిత్రాలు తీస్తుంటాను. అందరికీ నచ్చాలంటే కొంత ప్రేమ, కొంత హాస్యం, రెండు పోరాటాలు కలపాలని మిత్రులు సలహా ఇస్తున్నారు. ఇది నిజమేనా?

జవాబు: ఆ సలహాలో ఒక పొరపాటు ఉంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క పంచిపెడితే, తన ముక్క వచ్చేదాకా ప్రతివాడూ ఎదురుచూస్తూ కూర్చోవలసి వస్తుంది. వేర్వేరు జనానికి నిజంగా నచ్చిన సినిమాలలో జరిగేది వేరు. అక్కడ ఒకే సన్నివేశం ఒక్కొక్కరికి ఒక్కొక్క లోతులో అందుతుంది. చార్లీ చాప్లిన్ మూకీ చిత్రాలను ఒక పసివాడి పక్కన కూర్చుని చూడండి. వాడు ఆ చిన్న మనిషి జారిపడినందుకు నవ్వుతాడు, మీరు అతని పేదరికాన్నీ, చిరిగిన బట్టలలో కూడా వదలని దర్జానీ చూస్తారు. పిల్లవాడి కోసం ఒకటి, పెద్దల కోసం ఒకటి అని ఆయన విడివిడిగా తీయలేదు. పాత్రకు కావలసింది ఏమిటో, దానికి అడ్డం ఏమిటో మాట అవసరం లేకుండా తెలిసిపోతుంది గనుక, భాష తెలియని దేశాలలోనూ ఆ సినిమాలు ఆడాయి.

అందువల్ల మొదట చూసుకోవలసింది, కథలోని కోరిక ఎవరికైనా అర్థమయ్యేదిగా ఉందా లేదా అన్నది. తప్పిపోయిన బిడ్డను వెతకడం, పోయిన పరువును తిరిగి సంపాదించుకోవడం, ప్రాణం కాపాడుకోవడం వంటివి ఎవరూ వివరించనక్కరలేదు. ఆ పునాది గట్టిగా ఉంటే దాని మీద మీ ప్రత్యేకమైన పరిసరాలనూ, సూక్ష్మమైన భావాలనూ ఎన్నయినా నిలబెట్టవచ్చు.

రెండవది, ప్రేక్షకుడికి ఏ సంగతి ఎప్పుడు తెలియాలన్న లెక్క. బల్ల కింద బాంబు ఉన్న సంగతి చెప్పకుండా పేల్చితే కొన్ని క్షణాల ఉలికిపాటు మాత్రమే మిగులుతుందనీ, ముందే చూపించి పాత్రలచేత మామూలు కబుర్లు చెప్పిస్తే ఆ కబుర్లు సాగినంతసేపూ జనం ఊపిరి బిగబట్టి చూస్తారనీ ఉత్కంఠ చిత్రాలకు పేరుపొందిన దర్శకుడు హిచ్‌కాక్ వివరించాడు. ఈ ఉత్కంఠకు చదువుతోనూ వయసుతోనూ పని లేదు.

ఈ పట్టు ఎంత బలమైనదో కొలిచి చూసినవారూ ఉన్నారు. 2008లో మెదడు శాస్త్రవేత్త ఉరి హాసన్ బృందం ప్రచురించిన పరిశోధనలో, హిచ్‌కాక్ తీసిన ఒక టీవీ కథను చూస్తున్నవారి మస్తిష్కవల్కలంలో (మెదడు పైపొరలో) 65 శాతానికి మించిన భాగం అందరిలోనూ ఒకే తీరుగా స్పందించింది. ఒక ఉద్యానవనంలో కెమెరాను కదలకుండా నిలబెట్టి తీసిన కత్తిరింపులు లేని దృశ్యానికి ఆ భాగం 5 శాతం లోపే ఉంది. దీన్నిబట్టి పట్టు ఎంత ఉంటే ఇష్టం అంత ఉంటుందని మాత్రం అనుకోకండి. అందరి చూపునూ ఒకేచోట కట్టిపడేసిన సినిమాను కూడా బయటికి వచ్చాక తిట్టుకోవచ్చు. కొందరు ప్రేక్షకులైతే తమ చూపును తమకు వదిలిపెట్టే నిదానమైన సినిమాలనే కోరుకుంటారు. మీరు ఎవరి కోసం తీస్తున్నారో తేల్చుకోవలసింది అక్కడ.

ప్రశ్న: పోరాట చిత్రాలు ఏ భాషలోకి డబ్ చేసినా ఆడుతున్నాయి, హాస్యచిత్రాలు తేలిపోతున్నాయి. ఎందుకని?

జవాబు: దెబ్బకు అనువాదం అక్కరలేదు, శ్లేషకు కావాలి. మాటల మీద నడిచే హాస్యం యాస, లోకోక్తి, సమయం చూసి విసిరే విరుపు మీద ఆధారపడుతుంది. డబ్బింగ్ రచయిత పెదవుల కదలికకు సరిపోయే మాట వెతుక్కునేసరికి ఆ విరుపు జారిపోతుంది. శరీరంతో చేసే హాస్యానికి ఈ ఇబ్బంది లేదు.

ప్రశ్న: విమర్శకులు మెచ్చుకున్నది జనానికి నచ్చదు, జనం ఎగబడి చూసినదాన్ని విమర్శకులు చీల్చి చెండాడతారు. తప్పు ఎవరిది?

జవాబు: ఎవరిదీ కాదు. విమర్శకుడు వృత్తిరీత్యా వందల సినిమాలు చూస్తాడు. కథానాయకుడు మొదటిసారి తెర మీదకు వచ్చే తీరు, విశ్రాంతి ముందు వచ్చే మలుపు ఆయనకు ముందే తెలిసిపోతాయి. అలవాటైన దారి నుంచి కాస్త పక్కకు తప్పుకున్న సినిమా కనబడితే ఆయనకు ప్రాణం లేచివస్తుంది. అప్పుడప్పుడు మాత్రమే సినిమా చూసేవారికి అదే అలవాటైన దారి ఒక సుఖం. తెలిసిన కథను తెలిసిన రీతిలో వినడంలో కూడా ఆనందం ఉంది, లేకపోతే పిల్లలు ఒకే కథను రోజూ చెప్పించుకోరు. దీనికి తోడు చూసే చోటు కూడా ఒకటి కాకపోవచ్చు. నిండిన హాలులో ఒకరి నవ్వు పక్కవారికి అంటుకుంటుంది, నలుగురే ఉన్న ప్రదర్శనలో అదే హాస్యం వెలవెలబోతుంది. సమీక్ష చదివేటప్పుడు చుక్కలు లెక్కపెట్టే బదులు, ఆ సమీక్షకుడికి గతంలో నచ్చినవాటిలో మీకు నచ్చినవి ఎన్ని ఉన్నాయో చూసుకోండి. ప్రతిసారీ మీతో విభేదించే సమీక్షకుడు కూడా ఆ లెక్కన పనికివస్తాడు. ఆయన బాగాలేదన్న సినిమాకు మీరు నిశ్చింతగా వెళ్ళవచ్చు.