అత్తగారు జారిపడ్డారు, కేసు వేయాలా?

ప్రశ్న: విజిటర్ వీసా మీద అమెరికా వచ్చిన మా అత్తగారు ఒక దుకాణంలో తడి నేల మీద జారిపడ్డారు. మణికట్టు విరిగింది. కేసు వేస్తే లక్షల డాలర్లు వస్తాయని మిత్రులంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ మిత్రులు ఏ కథ విని చెబుతున్నారో ఊహించగలను. ఒళ్లో కాఫీ ఒలకబోసుకున్న ముసలావిడకు మెక్‌డొనాల్డ్స్ ముప్ఫై లక్షల డాలర్లు ఇచ్చుకుందన్న కథే కదా? వచ్చిన కొత్తలో నేనూ విని నవ్వాను. జరిగింది వేరు. 1992లో అల్బుకర్కీలో 79 ఏళ్ల ఆవిడకు తొడలు లోతుగా కాలి, చర్మం అతికించాల్సి వచ్చింది. ఆవిడ అడిగింది సుమారు 20,000 డాలర్లు, కంపెనీ ఇస్తానన్నది 800. అంతకుముందు పదేళ్లలో కాఫీ వేడి మీద దాదాపు 700 ఫిర్యాదులు వచ్చాయని విచారణలో తేలింది. 1994లో జ్యూరీ, అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం, కంపెనీకి శిక్షగా వేసిన 27 లక్షలను జడ్జి 4,80,000కు కోసేశారు. చివరికి రాజీ కుదిరింది, ఎంతకో బయటపెట్టలేదు. జనానికి మాత్రం మొదటి అంకె ఒక్కటే గుర్తుండిపోయింది.

ఇప్పుడు మీకు అడ్డొచ్చేది ఆ అంకే. మీ కేసు వినే జ్యూరీకీ అదే గుర్తుంటుంది. పౌరసత్వం వచ్చాక నాకూ జ్యూరీ పిలుపు వచ్చింది. ఎంపిక రోజున ఫిర్యాది తరఫు లాయరు, ఈ దేశంలో దావాలు మరీ ఎక్కువైపోయాయనుకునేవారు చేతులెత్తమన్నాడు. గదిలో సగం చేతులు లేచాయి. అందులో నాదీ ఒకటి. మెడకు పట్టీతో కూర్చున్న ఆ మనిషిని, ఒక్క సాక్ష్యమైనా వినకముందే నాటకమాడుతున్నాడనుకున్నాం. నన్ను ఇంటికి పంపేశారు. పంపడం సబబే.

కాబట్టి లక్షల మాట మరిచిపోండి. ఆసుపత్రి బిల్లు సంగతి మాత్రం మరవకండి. దుకాణం మేనేజరుతో ప్రమాదం గురించి రాయించి నకలు తీసుకోండి. కెమెరా రికార్డింగు చెరపవద్దని రాతపూర్వకంగా కోరండి, కొద్ది రోజుల్లోనే పోవచ్చు. అత్తగారు ఆ రోజు వేసుకున్న చెప్పులు సాక్ష్యంగా భద్రంగా ఉంచండి. అక్కడ హెచ్చరిక బోర్డు ఉందా, ఆవిడ ఫోను చూస్తూ నడిచారా అని తప్పకుండా అడుగుతారు. ఆవిడ తప్పు ఎంతుంటే పరిహారం అంత తగ్గుతుంది, కొన్నిచోట్ల మొత్తమే పోవచ్చు. త్వరగా లాయరును కలవండి. కొన్ని రాష్ట్రాల్లో గడువు ఏడాదే. ఇలాంటి కేసుల్లో సాధారణంగా డబ్బు వస్తేనే ఫీజు, అందులో మూడో వంతు దాకా పోతుంది.

నొప్పి ఉన్నంతే చెప్పమనండి. ఇక అత్తగారు నయాగరా లాంటి చోట్ల తిరిగిన ఫొటోలంటారా, అవి చూపి నొప్పి లేదని అవతలివాళ్లు వాదించవచ్చు, కొత్తవి ఫేస్‌బుక్‌లో పెట్టకండి. పెట్టేసి ఉంటే లాయరును అడగకుండా తీసేయకండి.